గేటు దగ్గర మూటలు

సంతోషం మళ్ళీ తగ్గింది.

నిన్న సాయంత్రం ఎలాగో నలభై దాటించి లేచింది. ఇవాళ చూస్తే ముప్పై ఎనిమిది. చిన్ని కుర్చీని బల్ల దగ్గరికి లాక్కుని, పనినుంచి వచ్చి ఇంకా కడుక్కోని చేత్తోనే మౌస్ పట్టుకుంది. గోళ్ళ అంచుల్లో లెన్సుల పొడి తెల్లగా ఇరుక్కుని ఉంది.

తెర మీద ఊరు మామూలుగానే ఉంది. రేకుల ఇళ్ళు, మధ్యలో నీళ్ళ పంపు, పక్కన కూరగాయల మడి, చుట్టూ బావ కడుతున్న గోడ. ఊరి చివర పొడుగాటి రేడియో స్తంభం. లోకమంతా కూలిపోయాక మిగిలినవాళ్ళు మళ్ళీ ఊళ్ళు కట్టుకునే ఆట ఇది. స్తంభం మీద ఎర్రదీపం వెలుగుతున్నంతకాలం ఎక్కడెక్కడినుంచో జనం మూటలు మోసుకుంటూ వస్తూనే ఉంటారు. వచ్చినవాళ్ళకి మంచం, తిండి, నీళ్ళు, చెయ్యడానికి ఏదో ఒక పని చూపించాలి. అవన్నీ ఉంటే సంతోషం పెరగాలి.

అవన్నీ ఉన్నాయి. మొన్న మంచాల మీద రేకులు వేయించింది, వానకి తడుస్తున్నారేమోనని. నిన్న ఇంకో పంపు పెట్టింది. మడిని పెంచింది. ఊరి మధ్యలో ఒక బెంచీ, దాని పక్కన ఒక దీపం కూడా పెట్టింది, సాయంత్రాలు కూచుంటారని. ఎవరూ కూచోలేదు. అందరూ పోయి గేటు దగ్గర నిలబడుతున్నారు.

ఊరు బావది. కట్టేదీ, తుపాకీ పట్టుకుని దొంగల్ని తరిమేదీ ఆయనే. జనం సంగతి మాత్రం చిన్నికి వదిలేశాడు. "నీకు ఓపికెక్కువ కదా మరదలా, ఆ మందని కాస్త కనిపెట్టుకుని ఉండు" అన్నాడు మొదట్లో. పార్సెళ్ళ కంపెనీలో ఆయనది మధ్యాహ్నం డ్యూటీ. పొద్దున ఆయన ఆడతాడు, సాయంత్రం చిన్ని చూసుకుంటుంది.

అసలు ఆటలో కొత్తవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వచ్చి కలిసిపోతారు. బావకి అది నచ్చలేదు. ఎక్కడో వెతికి ఒక మాడ్ దింపాడు. మాడ్ అంటే ఆట మీద మోజున్నవాళ్ళెవరో సొంతంగా రాసి, అసలు ఆటకి అతికించే ముక్క. అది పెట్టాక ఊరికి గేటు వచ్చింది. వచ్చినవాళ్ళు గేటు దగ్గర ఆగుతారు, మనం వెళ్ళి మాట్లాడాలి, ఈ ఊళ్ళో ఉంచుకోవచ్చు, వంతెన దగ్గర బావ కట్టిన ఇంకో ఊరికి పంపొచ్చు, వద్దనొచ్చు. ముగ్గురితో మాట్లాడేసరికే బావకి విసుగొచ్చింది. "వీళ్ళందరికీ పేరుపేరునా మర్యాదలు చెయ్యడానికి ఇదేమన్నా పెళ్ళా?" అని, మెనూలోకి వెళ్ళి 'అడగకుండా చేర్చు' అన్నచోట టిక్కు పెట్టేశాడు. అప్పట్నించీ ఎవరొచ్చినా ఏ ఊళ్ళో ఖాళీ మంచం ఉంటే ఆ ఊరికి మాడే తోసేస్తోంది.

చిన్ని ఒక్కొక్క మంచం మీద గురి పెట్టి చూసుకుంటూ పోయింది. ప్రతి మంచానికీ మనిషున్నాడు. ప్రతి మనిషికీ పనుంది. తిండి మిగులుతోంది. ఆ అంకె మాత్రం ఎర్రగా, కిందికి బాణం గుర్తుతో, మొండిగా ఉంది.

"చిన్నీ!" వంటింట్లోంచి అక్క కేకేసింది. "ఆ ఊరందరికీ పెట్టింది చాలు, నువ్వొచ్చి తిను."

"వస్తున్నానక్కా."

"ఆ మాట ఇందాకా అన్నావు."

చూస్తుండగానే అంకె ముప్పై ఏడైంది. చిన్ని తెర ఆపేసి, కాసేపు ఆ నల్లటి అద్దంలో తన ముఖాన్నే చూస్తూ కూచుంది.

పొద్దున్నే బావ, చిన్ని పడుకునే ఆ కంప్యూటర్ గది తలుపు కొట్టడు. దగ్గుతాడు. ఆ దగ్గు వినపడగానే చిన్ని లేచి, దుప్పటి మడిచి, మడత మంచం కాళ్ళు లోపలికి నొక్కి, గోడకి ఆనించాలి. అప్పుడు గానీ కుర్చీ వెనక్కి రాదు. మంచం కింద ఉండే బ్యాగు జిప్పు తీసి, అందులోంచి ప్లాస్టిక్ కవరు తీసుకుంది. బ్రష్షు, పేస్టు, సబ్బుపెట్టె అందులోనే ఉంటాయి. స్నానాలగదిలో వాడుకుని, సబ్బు తడి తుడిచి, మళ్ళీ కవర్లో పెట్టుకుని వచ్చింది. వచ్చేసరికి బావ తెర ముందు తల పట్టుకుని ఉన్నాడు.

"ముప్పై ఏడా! ఏం మరదలా, జనాన్ని ఏం పెట్టి చంపుతున్నావు?"

"అన్నీ ఉన్నాయి బావా. ఎందుకు తగ్గుతోందో తెలియట్లేదు."

"అన్నీ ఉంటే ఎందుకు తగ్గుతుంది? చూడు, నా గోడకి రాళ్ళు మోసేవాడొక్కడు లేడు. అందరూ గేటు దగ్గర గాలి మేస్తున్నారు. నువ్వు మెత్తగా ఉంటే నెత్తికెక్కుతారు." మౌస్‌ని టకటకా నొక్కాడు. "ఇంకో నాలుగు మంచాలు వేస్తున్నా. మంచం కనపడితే చాలు, జనం వాళ్ళే వస్తారు."

"గోడ బయట వేస్తున్నావు బావా. పైన రేకు లేదు."

"లెక్కకి మంచమేగా కావాలి? రేకు తర్వాత చూద్దాం."

చిన్ని బ్యాగు జిప్పు మూసింది. బావ తెర మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు. "అన్నట్టు మా తమ్ముడొస్తున్నాడు ఆదివారం. ఇక్కడే ఉద్యోగం దొరికింది వెధవకి, ఎవడిచ్చాడో పాపం. ఈ గది వాడికిచ్చేస్తాం."

"మరి నేను?"

"నువ్వు మీ పిన్ని వాళ్ళింట్లో. అక్క చెప్పలేదా?"

చిన్ని వంటింటి వైపు చూసింది. అక్క బడికి తీసుకెళ్ళే డబ్బాలో భోజనం సర్దుతోంది. పసిపిల్లల బళ్ళో పని తనది. పొద్దున్న పూట తనకి రెండు చేతులు చాలవు.

"చెప్దామనే అనుకున్నానే" అంది అక్క మూత బిగిస్తూ. "పిన్నితో మాట్లాడేశాను. వాళ్ళ వరండాలో మంచం వేస్తానంది. చుట్టూ తడికలున్నాయి, గాలి బాగా వస్తుంది. నీ షాపుకి ఒక బస్సు మారాలి, అంతే."

ఒక బస్సు మారడమంటే పిన్ని వాళ్ళ వీధినుంచి పెద్ద రోడ్డుదాకా నడిచి, అక్కడ ఎప్పుడొస్తుందో తెలియని బస్సు కోసం నిలబడి, ఊరి ఆ చివర దిగి, ఇంకోటి పట్టుకోవడం. అక్కకీ అది తెలుసు. అందుకే మూత బిగించడం పూర్తయినా ఇంకా దాన్నే తిప్పుతోంది.

"సరే అక్కా" అంది చిన్ని.

ఆ మాట నోట్లోంచి దానంతటదే వచ్చింది. దారిపొడుగునా ఆ 'సరే'ని వెనక్కి తీసుకునే మాట కోసం వెతికింది. షాపు షట్టరు కిందినుంచి వంగి లోపలికి వెళ్ళేదాకా దొరకలేదు.

కళ్ళద్దాల షాపుకి ముందు భాగమంతా వెలుగులు, అద్దాలు. వెనక గదిలో మాత్రం రెండు బల్లలు, ఒక యంత్రం, తడి. గుండ్రటి లెన్సు మీద కంటిపాపకి ఎదురుగా వచ్చేచోట చుక్క పెట్టి, యంత్రానికి బిగిస్తే, అది నీళ్ళు చిమ్ముకుంటూ ఫ్రేము ఆకారానికి కోస్తుంది. కోసినది సరిగ్గా పట్టదు. అంచుని తడి సానరాయి మీద చేత్తో తిప్పుతూ, వెంట్రుకవాసి వెంట్రుకవాసిగా అరగదీయాలి. తీసి ఫ్రేములో పెట్టి చూడాలి, మళ్ళీ తిప్పాలి. తక్కువ అరిగితే ఇంకాస్త అరగదీయొచ్చు. ఎక్కువ అరిగితే ఎవరూ ఏమీ చెయ్యలేరు. ఆ పని చిన్నిది. ఎదురు బల్ల దగ్గర వేడిగాలితో ఫ్రేములు మెత్తబరిచి, లెన్సులు కూర్చి, స్క్రూలు బిగించే ఆవిడని షాపులో అందరూ ఫ్రేములక్క అంటారు.

"ముఖం అలా పెట్టావేం? ఎవరిదైనా పవరు తప్పు రాశారా?" అంది ఫ్రేములక్క.

"ఏం లేదు. ఆదివారం పిన్ని వాళ్ళింటికి మారుతున్నాను."

"అంత దూరమా! ఎందుకూ?"

"బావ తమ్ముడొస్తున్నాడు."

"ఓహో. వాడొస్తే నిన్ను పంపించేస్తున్నారా?"

"పంపించెయ్యడం కాదు. వెళ్తున్నాను."

ఫ్రేములక్క నోట్లో పెట్టుకున్న చిన్న స్క్రూని తీసి, ఫ్రేము మడత దగ్గర నిలబెట్టి, ఊపిరి బిగబట్టి తిప్పింది. అది కూచున్నాక మాట్లాడింది. "మా గదిలో ఒక మంచం ఖాళీ అయింది. మూడో అమ్మాయి వేరే ఉద్యోగమొచ్చి వెళ్ళిపోయింది. ఇక్కడికి నడిచి రావొచ్చు. కిటికీ కూడా ఉంది, తెరిస్తే ఎదురుగా గోడే ఉంటుందనుకో. నేను గురక పెడతాను, ముందే చెప్తున్నా. వస్తావా?"

చిన్ని చేతిలో లెన్సు రాయి మీద ఆగిపోయింది. నీళ్ళు మాత్రం కారుతున్నాయి.

"అక్కనడగాలి" అంది.

"అడుగు. కానీ నేనడిగింది మీ అక్కని కాదు. ఆవిడ వస్తానన్నా నాకేం అభ్యంతరం లేదు గానీ, మంచం ఒక్కటే ఉంది."

చిన్నికి నవ్వొచ్చింది. లెన్సు తీసి వెలుతురుకి పట్టి చూసింది. అంచు ఒకచోట చిట్లింది.

"పోయిందా?" అంది ఫ్రేములక్క.

"పోయింది."

ఆ సాయంత్రం చిన్ని ఆటలో ఏమీ చెయ్యలేదు. మంచాలు కదపలేదు, ఎవరి పనీ మార్చలేదు. ఊళ్ళోకి వెళ్ళి, తలకి నీలం గుడ్డ కట్టుకున్న ఒక ముసలామెని ఎంచుకుని, ఆమె వెనకే నడిచింది. ఆమె ఎటు పోతే అటు.

ముసలామె మడిలో కలుపు తీసింది. పంపు దగ్గర నీళ్ళు తాగింది. చిన్ని వేయించిన బెంచీ పక్కనుంచే నడిచింది, కూచోలేదు. ఆటలో చీకటి పడగానే రేకు కిందికి వచ్చి, తన మంచం మీద పక్కకి తిరిగి పడుకుంది. వీపుకి మూట అలాగే ఉంది.

చిన్ని కుర్చీలో ముందుకి వంగింది.

పక్క మంచం మీదతనికీ మూటుంది. ఆ పక్కామెకీ ఉంది. ఇన్నాళ్ళూ మంచాలు లెక్కపెట్టుకుంది, మనుషుల్ని లెక్కపెట్టుకుంది. మూటలతో పడుకుంటున్నారని మాత్రం చూడలేదు. తెల్లవారగానే ముసలామె లేచి పనిలోకి వెళ్ళలేదు. ముందు గేటు దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఊరి లోపలికి ముఖం పెట్టి, ఎవరైనా వస్తారేమోనన్నట్టు నిలబడింది. మిగతావాళ్ళూ వచ్చి పక్కన నిలబడ్డారు. ఎవరూ రాలేదు. కాసేపటికి ఒక్కొక్కరే పనిలోకి కదిలారు.

ఊరంతా తిరిగింది. మూట లేనివాళ్ళు ముగ్గురే కనిపించారు. మొదటి రోజుల్లో బావ విసుక్కుంటూ మాట్లాడి చేర్చుకున్న ముగ్గురు. వాళ్ళ మూటలు వాళ్ళ మంచాల కింద ఉన్నాయి.

మెనూ తెరిచింది. 'అడగకుండా చేర్చు' కింద సన్నటి అక్షరాలతో ఇంకేదో ఉంది. కూడబలుక్కుంటూ చదివింది. ఇలా చేరినవాళ్ళు ఊళ్ళో అతిథులుగానే ఉంటారట. ఎవరైనా వెళ్ళి మాట్లాడి అడిగేదాకా ఊరివాళ్ళు కారట. బావ ఆ ముక్క చదివి ఉండడు. ఆయన ఏ డబ్బా మీదున్న కాగితమూ చదవడు.

చిన్ని టిక్కు తీసేసింది. ముసలామె ముందుకు వెళ్ళి నిలబడి నొక్కింది. తెర కింద ఒక్క వాక్యం వచ్చింది. 'ఇక్కడ ఉంటావా?'

ముసలామె కాసేపు ఆలోచిస్తున్నట్టు తల వంచింది. ఉంటానంది. భుజం మీంచి మూట దించి కింద పెట్టింది. తడిసిన దుప్పటి నేల మీద పడ్డట్టు దబ్బుమని మెత్తటి చప్పుడైంది. స్పీకర్లలోంచి ఆ చప్పుడు చిన్ని ఎప్పుడూ వినలేదు. ఒక్క క్షణం గది తలుపు వైపు చూసింది, అక్క ఏదైనా పడేసిందేమోనని.

తర్వాత కమ్మరిని అడిగింది. అతను లేదన్నాడు. నది వైపు వెళ్ళాలని బయల్దేరానని, దారిలో ఇక్కడ పడ్డానని అన్నాడు. మూట సరిచేసుకుని గేటులోంచి నడిచి వెళ్ళిపోయాడు. ఊళ్ళో ఉన్నది అతనొక్కడే కమ్మరి. ఆటని ఇంతకుముందు దాచిన పాత సేవ్ తెరిస్తే, అడగకముందున్నట్టు మళ్ళీ తెచ్చుకోవచ్చు. మౌస్ మీద వేలు ఆడించింది. తెరవలేదు. గోడమీద కాపలా కాసే ఇద్దరిని అడిగింది. వాళ్ళూ వెళ్ళిపోయారు. వాళ్ళలో ఒకడు కృతజ్ఞత కూడా చెప్పాడు. దేనికో అర్థం కాలేదు.

వరసగా అందర్నీ అడుగుతూ పోయింది. కొందరు ఉన్నారు, కొందరు పోయారు. ఉన్నవాళ్ళు మూటలు దించినప్పుడల్లా ఆ చప్పుడు. అక్క పిలిచింది, మళ్ళీ పిలిచింది. చివరికి తనే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"చల్లారిపోతోంది. ఏంటే అంత కొంపలు మునిగే పని?"

"అక్కా, చూడు. కూచున్నారు."

బెంచీ మీద నీలం గుడ్డ ముసలామె, ఇంకొకామె పక్కపక్కన కూచుని ఉన్నారు. ఊరు సగం ఖాళీగా ఉంది. మూలన అంకె పచ్చగా మారి యాభై ఆరు దగ్గర నిలబడింది.

"బొమ్మలు కూచుంటే అదో వింతా?" అంది అక్క. కానీ వెంటనే వెళ్ళలేదు. గరిటె చేతిలో పట్టుకుని, తలుపుకి ఆనుకుని కాసేపు చూసింది. "ఆ ముసలావిడ భలేగా ఉంది" అని వెళ్ళింది.

బావ దగ్గు మర్నాడు మామూలుకంటే ముందే వినపడింది. చిన్ని మంచం మడిచి, చెప్పాలని అక్కడే నిలబడింది. ఆయన తెర వెలిగించాడు. గోడ వెంబడి ఈ చివర్నించి ఆ చివరిదాకా వెళ్ళాడు. మళ్ళీ వెనక్కొచ్చాడు.

"కమ్మరేడి?"

"వెళ్ళిపోయాడు బావా."

"కాపలావాళ్ళు?"

"వాళ్ళూ. నేను అడిగాను. అందుకే ఇన్నాళ్ళూ సంతోషం తగ్గింది. మనం ఎవరినీ అడగలేదు కదా, వాళ్ళు మూటలు కూడా దించకుండా—"

"అడిగావా? ఎవరడగమన్నారు నిన్ను?" కుర్చీ గిర్రున తిరిగింది. "అడిగితే పోతామనే అంటారు మరదలా. అందుకేగా అడక్కుండా పెట్టింది!"

"యాభై ఆరుంది బావా. ఒకసారి చూడు."

"సంతోషం నా గోడకి రాళ్ళు మోస్తుందా?"

ఆమె ఇంకో మాట అనేలోపే పాత సేవ్ తెరిచాడు. తెర నల్లబడింది. చిన్న చక్రం ఒకటి తిరిగింది. ఊరు మళ్ళీ వచ్చింది. కమ్మరి ఉన్నాడు, కాపలావాళ్ళు ఉన్నారు, ముప్పై ఏడు ఉంది. బెంచీ ఖాళీగా ఉంది. నీలం గుడ్డ ముసలామె వీపున మూటతో గేటు దగ్గర నిలబడి ఉంది.

"చూశావా? అయిపోయింది. దీనికింత రాద్ధాంతం" అన్నాడు బావ. కోపం అప్పుడే పోయింది ఆయనకి. "ఇక నువ్వు జనం జోలికి పోకులే. ఎలాగూ ఆదివారం వెళ్ళిపోతున్నావుగా. మావాడు చూసుకుంటాడు."

చిన్ని కళ్ళు తుడుచుకుని చెప్పులు వేసుకుంది. ఒక ఆట కోసం ఏడవడమేంటని తనని తనే తిట్టుకుంటూ వీధిలోకొచ్చింది. ఆట కోసం కాదని కూడలి దాటాక తెలిసింది. అప్పుడు ఇంకా కోపమొచ్చింది.

షాపులో ఆ కోపమంతా వేళ్ళలోకి దిగింది. రాయి మీద లెన్సుని తిప్పుతోంది, తిప్పుతోంది. ఫ్రేములో పెట్టి చూడాలని గుర్తొచ్చేసరికి అది వదులై, పెట్టగానే జారి బల్ల మీద పడింది. పైగా తొందరగా కావాలని చెప్పి వెళ్ళిన వాళ్ళది. ముందు గదిలోంచి షాపాయన వచ్చి చూశాడు.

"నిన్నొకటి, ఇవాళొకటి. చేతులు ఇక్కడ, మనసెక్కడ తల్లీ?"

"ఇంకోటి చేస్తానండీ."

"చెయ్యక తప్పుతుందా? ఈసారి రాయి మీద కాస్త జాలి పడు."

ఆయన వెళ్ళాక ఫ్రేములక్క వేడిగాలి యంత్రం ఆపింది. గది నిశ్శబ్దమైంది. చిన్ని కొత్త లెన్సు కాగితం విప్పి, చుక్క పెట్టింది. చుక్క పక్కకి జరిగితే తుడిచి మళ్ళీ పెట్టింది. తలెత్తకుండా అడిగింది.

"ఆ మంచం ఇంకా ఖాళీగానే ఉందా?"

"ఉంది. అక్క ఏమంది?"

"అక్కకింకా చెప్పలేదు."

"మరి?"

"వస్తాను."

ఫ్రేములక్క యంత్రం మళ్ళీ వేసింది. ఆ మోత మీదుగా అరిచింది. "గురక సంగతి గుర్తుందిగా? తర్వాత నన్ననకూడదు!"

అక్కకి చెప్పడం అంత తేలిగ్గా కాలేదు. గిన్నెలు తుడుస్తూ చెబుదామనుకుంది. అక్క అప్పుడే బళ్ళో ఎవరో పిల్లాడు ముక్కులో బటాణీ గింజ పెట్టుకున్న కథ మొదలుపెట్టింది. బట్టలు ఆరేస్తూ చెబుదామనుకుంది. అక్క పిన్నితో ఫోన్లో ఉంది. "అది ఎంత తింటుంది పిన్నీ, పిట్టంత. ఉన్నట్టే ఉండదు" అంటోంది. పొగడ్తే అది. చిన్నికి మాత్రం తడి బట్ట చేతిలో బరువెక్కింది. సాయంత్రాలు కంప్యూటర్ వైపు కూడా వెళ్ళలేదు. బావ కూడా ఆ వారం గోడ కట్టుకోలేదు. ఎవరో సెలవు పెడితే పార్సెళ్ళ దగ్గర పొద్దుటి పని కూడా ఆయన మీదే పడింది.

ఆదివారం వచ్చేసింది.

బావకి సెలవు. టిఫిను తినగానే తెర ముందు కూచున్నాడు. మధ్యాహ్నానికి తమ్ముడొస్తాడు. గోడకి ఆనించిన మంచం పక్కన నేల మీద రెండు బ్యాగులు తెరిచి చిన్ని బట్టలు సర్దుతుంటే, అక్క మడతలు పెట్టి అందిస్తోంది.

"దువ్వెన పెట్టుకున్నావా? చార్జరు? ఉండు, బ్రష్షు నేను తెస్తా." అక్క స్నానాలగదిలోకి వెళ్ళింది. కాసేపు ఏవో కదిపిన చప్పుడు. ఖాళీ చేతులతో వచ్చింది. "నీ బ్రష్షేదే? స్టాండులో మావి రెండే ఉన్నాయి."

"ఇక్కడుంది" అంది చిన్ని, ప్లాస్టిక్ కవరు చూపించి.

"అప్పుడే సర్దేశావా?"

"లేదు. ఇది ఎప్పుడూ బ్యాగులోనే ఉంటుంది."

"ఎప్పుడూ అంటే?"

"వచ్చిన దగ్గర్నించీ."

అక్క కవరు చేతిలోకి తీసుకుంది. వాడి వాడి దాని అంచులు తెల్లబడి ఉన్నాయి. లోపల సబ్బు ఆనిన చోట మరక కట్టింది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"నేనెప్పుడన్నా అక్కడ పెట్టుకోవద్దన్నానా?"

"అనలేదక్కా."

"మరి?"

"పెట్టుకోమనీ అనలేదు."

"అది కూడా చెప్పాలా?" అక్క గొంతు లేచింది. "సొంత అక్క ఇంట్లో ఉంటూ, బ్రష్షు ఎక్కడ పెట్టుకోవాలో కూడా చెప్పించుకుంటావా? నన్నేమనుకున్నావే నువ్వు?"

చిన్నికి తెలుసు, అక్క అన్నదాంట్లో తప్పేం లేదని. ఎవరూ వద్దనలేదు. తనైనా ఒకరోజు తీసి ఆ స్టాండులో పెట్టి ఉండొచ్చు. అయినా నోరు తెరిచేసరికి ఇన్నాళ్ళూ దొరకని మాట దొరికింది.

"అక్కా, నేను పిన్ని వాళ్ళింటికి వెళ్ళట్లేదు. షాపులో ఫ్రేములక్క వాళ్ళ గదిలో మంచం ఉంది. అక్కడికి వెళ్తున్నాను."

"ఎప్పుడనుకున్నావు ఇది?"

"తను అడిగింది. వస్తానన్నాను."

"పిన్నితో అంతా మాట్లాడాక ఇప్పుడా చెప్పేది? మంచం కూడా వేసేసి ఉంటుంది. ఏం చెప్పమంటావు తనకి?"

"నేను చెప్తానులే. మీరిద్దరూ మాట్లాడుకున్నారు. నన్నెవరూ అడగలేదక్కా. ఇక్కడికొచ్చేటప్పుడూ అడగలేదు."

అక్క బ్యాగుల పక్కన నేల మీద కూచుంది. కవరు ఒళ్ళో పెట్టుకుని, దాని ముడి విప్పింది, వేసింది. ఏడుస్తుందేమోనని చిన్నికి భయం వేసింది. ఏడవలేదు.

"ఇదేంటిది!" అని బావ అరిచాడు.

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. ఆయనకి వీళ్ళ మాటలేవీ వినపడినట్టు లేదు. చెవులకి పెట్టుకున్నవి తీసి, వాటి వైరు కంప్యూటర్లోంచి పీకి పక్కన పడేశాడు. "మరదలా, ఒకసారి ఇలా రా. గేటు దగ్గర సంతలాగా జనం పోగయ్యారు. లోపలికి రారు, బయటికి పోరు. పాత సేవే కదా వేశాను?"

చిన్ని వెళ్ళి కుర్చీ వెనక నిలబడింది. గేటు బయట కొత్తవాళ్ళు మూటలతో బారులు తీరి ఉన్నారు. గోడ బయట బావ వేసిన రేకు లేని మంచాల చుట్టూ నిలబడి ఉన్నారు గానీ, ఎవరూ పడుకోలేదు. అందరూ తెర ఇవతలికే చూస్తున్నట్టున్నారు.

"ఆ టిక్కు సేవ్‌లో ఉండదు బావా. మెనూలో ఉంటుంది. నేను తీసేశాను. నువ్వు పాత సేవ్ వేసినా అది తీసినట్టే ఉంటుంది."

"చంపావు పో. పెట్టెయ్ మళ్ళీ. వెళ్ళేముందు ఆ ఒక్క పనీ చేసి వెళ్ళు."

మౌస్ ఆమె చేతికిచ్చి కుర్చీ పక్కకి జరిపాడు. చిన్ని మెనూ తెరిచింది. టిక్కు పెట్టాల్సిన గడి ఖాళీగా ఉంది. దాన్ని చూసింది. మెనూ మూసేసింది. గేటు దగ్గరికి నడిచి, బారులో మొదట నిలబడ్డ అమ్మాయి ఎదురుగా ఆగింది. మౌస్ బావ చేతిలో పెట్టింది.

"ఏం నొక్కాలి?"

"అడుగు బావా."

"ఏమని?"

"కింద వస్తుంది చూడు. ఉంటావా అని."

"ఇంతమందినీనా?" బావ ఆమె ముఖంలోకి చూశాడు, హాస్యమాడుతోందేమోనని. బ్యాగు చూశాడు, నేల మీద కూచున్న పెళ్ళాన్ని చూశాడు. ఏదో తేడాగా ఉందని ఆయనకీ తోచింది. "లేదంటేనో?"

"పోతారు."

చిన్ని ఒక బ్యాగు భుజానికి వేసుకుంది. రెండోది అక్క అప్పటికే ఎత్తుకుంది. ఇస్తే తీసుకుందామని చెయ్యి చాపింది చిన్ని. అక్క ఇవ్వలేదు. చెప్పులు వేసుకుని ముందు నడిచింది. కవరు ఇంకా తన చేతిలోనే ఉంది.

మెట్ల దాకా వచ్చేసరికి వెనక గదిలోంచి బావ సణుగుడు వినపడుతోంది. తర్వాత ఒక నొక్కు. కాసేపు ఏమీ లేదు. తడిసిన దుప్పటి నేల మీద పడ్డట్టు దబ్బుమంది.

"ఉంటుందట!" అని బావ ఎవరితోనో అన్నాడు.

అక్క మధ్య మెట్టు మీద ఆగింది. బ్యాగుని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. వెనక్కి తిరగకుండానే అంది.

"వచ్చే ఆదివారం భోజనానికి రా." ఒక మెట్టు దిగింది. మళ్ళీ ఆగింది. "వస్తావా?"